హాల్టు ఎక్కువున్న టికెట్టు

మా ఇంట్లో ఎవరైనా విమానం ఎక్కాలంటే ముందు కార్టను రావాలి. కిరాణా దుకాణం నుంచి అడిగి తెచ్చిన పెద్ద అట్టపెట్టె, దాని చుట్టూ గోధుమరంగు టేపు, టేపు మీద నైలాన్ తాడు, నాలుగు వైపులా మార్కరుతో పేరు, ఫోన్ నంబరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా నాన్న, బాపు, దుబాయి పోయిన ప్రతిసారీ ఇదే తతంగం. మాది జగిత్యాల దగ్గర ఊరు. మా వాడలో గల్ఫుకు మనిషిని పంపని ఇల్లు వెతకాలంటే కొంచెం తిరగాలి. అందుకని ఎవరు బయలుదేరినా ఏం చేయాలో అందరికీ తెలుసు. తెలియనిదల్లా బయలుదేరేవాళ్లకే.

పోయిన ఎండాకాలం బయలుదేరింది నేను. దుబాయికి కాదు, జర్మనీకి. అదీ మూడు నెలలకే. కరీంనగర్‌లో సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. సెలవుల్లో జర్మనీలోని ఒక యూనివర్సిటీ ల్యాబులో ఇంటర్న్‌షిప్ దొరికింది. కాంక్రీటు ఎప్పుడు పగులుతుంది, ఎందుకు పగులుతుంది అని చూడటమే అక్కడ నా పని. ఈ సంగతి చెబితే మా ఎదురింటి పెద్దమ్మ నడుం మీద చేయి పెట్టుకుని, "పగుళ్లు సూడనీకె గంత దూరమెందుకే, మా ఎనుక గోడ సూస్తే సరిపాయె గద" అంది. నాకు కోపం వచ్చింది. తర్వాత వెళ్లి ఆ గోడ చూశాను. నిజంగానే చూడదగ్గ గోడ.

బాపు దుబాయిలో ఒక కంపెనీలో సెంట్రింగ్ పని, అంటే కాంక్రీటు పోయడానికి చెక్కల చట్రం కట్టే పని చేస్తాడు. నేను చిన్నబడిలో ఉన్నప్పుడు పోయాడు. రెండేళ్లకోసారి సెలవు మీద వస్తాడు. వచ్చిన ప్రతిసారీ మంచి సందర్భం అప్పుడే అయిపోయి ఉంటుంది, లేకపోతే ఆయన పోయాక మొదలవుతుంది. నా పదో తరగతి ఫలితాలు, ఇంటరు, ఇంజినీరింగ్ సీటు అన్నీ ఆయన ఫోన్లోనే విన్నాడు. కిందటి సెలవు పని ఒత్తిడి వల్ల వెనక్కి పోయింది. అట్లా అప్పటికి మూడేళ్లు కావస్తోంది, నేను బాపును ఎదురుగా చూసి. ఫోన్లో రోజూ కనిపిస్తాడు, కానీ ఫోన్లో కనిపించే మనిషికి కాళ్లుండవు. ఆయన ఎంత పొడుగో కూడా నాకు సరిగా గుర్తులేదని ఒకరోజు అనిపించి భయమేసింది.

ఆయన పోయే రోజు మాత్రం బాగా గుర్తుంది. ఇంటిల్లిపాదీ జీపులో శంషాబాద్ దాకా పోయేవాళ్లం. బాపు కార్టను బండి తోసుకుంటూ అద్దాల తలుపులోంచి లోపలికి పోయేవాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగేవాడు కాదు. బయలుదేరిన మనిషి వెనక్కి చూడకూడదని అవ్వ, అంటే మా అమ్మ, పెట్టిన నియమం. నేనేమో చిన్నప్పుడు, బాపుకు మా మీద కోపం వచ్చిందేమో అనుకునేదాన్ని. రెయిలింగు పట్టుకుని ఆయన వీపు కనబడకుండా పోయేదాకా నిలబడేవాళ్లం, తర్వాత అవ్వ "పాండ్రి ఇగ" అనేది.

జర్మనీ వీసా వచ్చాక టికెట్టు కోసం కరీంనగర్ బస్టాండు దగ్గరున్న ట్రావెల్స్‌కు వెళ్లాను. ఆ దుకాణం నడిపే చిచ్చా మా జిల్లాలో సగం మందిని గల్ఫుకు పంపినవాడు. బాపు మొదటి టికెట్టు కూడా ఆయన చేతి మీదే పోయింది. నన్ను చూడగానే అలవాటుగా మొదలుపెట్టాడు.

"ఏ కంపెనీ బేటా? వీసా ఎవలు తీసిండ్రు?"

"కంపెనీ కాదు చిచ్చా, యూనివర్సిటీ. జర్మనీ."

చిచ్చా అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "జర్మనీల మనోళ్లు ఎవలున్నరు?"

"ఎవరూ లేరు."

"మరి దిగినంక తీస్కపోయేదెవలు?"

నేనే పోతానని చెప్పాను. ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. అయినా కంప్యూటరు ముందు కూర్చుని టికెట్లు చూపించడం మొదలుపెట్టాడు. "గిది సూడు, మస్తుగున్నది. దుబాయిల హాల్టు రెండు గంటలే. గిట్ల దిగుతవు, గట్ల ఎక్కుతవు."

నేను నోట్లో మాట చాలాసేపు నలిపి, "హాల్టు ఎక్కువున్నది చూడు చిచ్చా" అన్నాను.

ఆయన నవ్వాడు. "బేటా, నేను ఇన్నేండ్ల సంది టికెట్లు తీస్తున్న. హాల్టు తక్కువున్నది సూడుమని బతిలాడినోళ్లున్నరు, లడాయి వెట్టుకున్నోళ్లున్నరు. ఎక్కువున్నది గావాలె అన్నది నువ్వొక్కదానివే."

"బాపు అక్కడున్నాడు చిచ్చా."

చిచ్చా నవ్వు ఆపాడు. తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు, కంప్యూటరుతోనే మాట్లాడాడు. బయట రెండు బస్సులు పోయాయి. చివరికి మధ్యాహ్నం దుబాయిలో దిగి రాత్రికి జర్మనీ విమానం ఎక్కే టికెట్టు ఒకటి పట్టుకున్నాడు. అసలు కష్టం ఆ తర్వాత చెప్పాడు. టికెట్టు ఉన్నంత మాత్రాన ఎయిర్‌పోర్టు దాటి బయటికి రానివ్వరు. దానికి వేరే ట్రాన్సిట్ వీసా కావాలి. విమానం వాళ్ల ద్వారా పెట్టాలి. "వస్తే వస్తది, లేకుంటే లే. రాకుంటే అద్దాల అవతల మీ బాపు, ఇవతల నువ్వు. ముందే చెప్తున్న, పరేషాన్ గావద్దు" అన్నాడు.

పెట్టమన్నాను. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో గట్టిగా అనుకున్నాను, ఆ వీసా వచ్చేదాకా బాపుకు చెప్పకూడదని. ఆశ పెట్టి తీసేయడం కన్నా చెప్పకపోవడమే నయం. ఈ మాట అవ్వకు కూడా చెప్పి ఒట్టు పెట్టించుకున్నాను. మా అవ్వ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రమే నేను స్నానానికి పోయి వచ్చేసరికి ఫోన్లో బాపు, ఫోను ముందు అవ్వ, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు.

"నిజమేనా బిడ్డా?" అన్నాడు బాపు.

"వీసా వస్తేనే బాపు. రాకపోవచ్చు కూడా."

"వస్తది" అన్నాడు. తర్వాత పక్కకు తిరిగి ఎవరికో చెప్పాడు, "నా బిడ్డ వస్తున్నది." ఆ పక్కనుంచి ఇంకెవరో ఏదో అడిగారు. "ఔ, గామెనే. సిమెంటును డాక్టరు లెక్క సూస్తది." నేను తల పట్టుకున్నాను. అప్పటికే గదిలో అందరికీ తెలిసిపోయింది.

గదిలో అందరికీ తెలిసిందంటే మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలిసినట్టే. బాపుతో పాటు ఆ గదిలో ఉండేవాళ్లంతా జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వాళ్లు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరు దుబాయి పోతున్నా వాళ్ల చేతికి మిగతావాళ్లు తమ మనుషుల కోసం ఏదో ఒకటి ఇస్తారు. తీసుకోను అనడం ఉండదు. రేపు మనవాళ్లకూ ఎవరో ఒకరు తీసుకుపోవాలి కదా. నేను జర్మనీ పోతున్నానన్న సంగతి ఆ వారంలో అందరూ మరిచిపోయారు. దుబాయిలో ఆగుతానన్నదే మిగిలింది.

మొదట ఎదురింటి పెద్దమ్మ వచ్చింది. ఆమె కొడుకు బాపు గదిలోనే ఉంటాడు. సకినాలు తెచ్చింది, సర్వపిండి తెచ్చింది, ఒక డబ్బా మామిడికాయ తొక్కు తెచ్చింది. "వీసా ఇంకా రాలేదు పెద్దమ్మా" అన్నాను. "బస్సు ఆగినప్పుడు కిటికీలకెల్లి అందిస్తరు సూడు, గట్ల ఇయ్యరాదు" అంది. విమానం కిటికీ తెరుచుకోదని చెబితే నా మంచితనం మీద అనుమానం వచ్చినట్టు చూసింది. కోరుట్ల నుంచి ఒకామె బస్సెక్కి వచ్చి తొక్కు ఇచ్చింది. మెట్‌పల్లి నుంచి ఇంకొకామె ఇంకో తొక్కు. ఎవరింటి తొక్కు వాళ్లకే బాగుంటుంది కాబట్టి అన్నీ ఒకే డబ్బాలో కలపడానికి లేదు. కొత్తగా పెళ్లయిన ఒకమ్మాయి, నాకంటే పెద్దేం కాదు, భర్త కోసం కుట్టించిన నీలం అంగీ మడతపెట్టి తెచ్చింది. "కొలత అందాజ మీద కుట్టిపిచ్చిన అక్కా, సరిపోయిందో లేదో నువ్వే జర సూసి చెప్పు" అని సిగ్గుపడుతూ అంది. నాకు చిరాకంతా ఆ మాటతో పోయింది.

ఆసిఫాబాద్ నుంచి అమ్మమ్మ కూడా దిగింది. ఉట్నూర్‌లో చేసే ఇప్పపువ్వు లడ్డూలు పెద్ద డబ్బా నిండా తెచ్చింది. ఆమె ఒక్కతే నా కోసం, జర్మనీ కోసం తెచ్చిన మనిషి. "గక్కడ చలి గద, ఇవి తింటే ఒంట్ల వేడి ఉంటది" అంది. ఆమె అడిగినవాళ్లకల్లా, మనవరాలు చలిదేశం పోతున్నదని చెప్పింది. దేశం పేరు చెప్పడం ఆమెకు ముఖ్యం కాదు.

ఆ చలి కోసమే కరీంనగర్ టవర్ సర్కిల్‌లో జాకెట్టు కొనబోయాను. మే నెల ఎండ. స్వెట్టరు, జాకెట్టు అని అడిగితే దుకాణం అతను నన్ను, తర్వాత నా వెనక ఉన్న అవ్వను చూశాడు. ఎవరికి జ్వరమో అర్థం కాలేదు పాపం. నిచ్చెన వేసుకుని అటక మీది నుంచి ఒక మూట దించాడు. అందులో దొరికిన మందపాటి నల్లకోటు నేను తొడుక్కుని అద్దంలో చూసుకునేసరికి చెమట కళ్లలోకి కారింది. అవ్వ కొంగుతో విసురుతూ, "మంచిగనే ఉన్నవు, తీసెయ్ ఇగ" అంది.

సర్దేటప్పుడు గొడవ అయింది. నేను ఎర్రటి చక్రాల సూట్‌కేసు కొనుక్కున్నాను. కార్టను వద్దన్నాను. జర్మనీ పోయే విద్యార్థి తాడు కట్టిన అట్టపెట్టెతో దిగితే ఏమనుకుంటారని నా బాధ. అవ్వ బాధ వేరు. కార్టను లేకుండా మనిషి ఇల్లు దాటితే అసలు పోతున్నట్టే అనిపించదని ఆమె బాధ. వీడియో కాల్లో బాపు తీర్పు చెప్పాడు. సూట్‌కేసు జర్మనీకి, కార్టను దుబాయికి. బియ్యం డబ్బాకు ఫోను ఆనించి పెట్టాం. ఆయన అక్కడ డ్యూటీ దిగి, ఒంటి మీది దుమ్ము కూడా కడుక్కోకుండా మంచం మీద కూర్చుని కట్టించడం మొదలుపెట్టాడు.

"తొక్కు డబ్బలు నడుమ వెట్టు. చుట్టు సకినాలు. కాదు, సకినాలు మీద. అరె, సకినాల మీద ఏం పెట్టకు."

"బాపు, నువ్వే వచ్చి కట్టు."

"తాడు ఇంకొక్క సుట్టు తిప్పు. మీ అవ్వను కాలుతోని తొక్కి పట్టమను. ఇప్పుడు గుంజు."

అవ్వ కార్టను మీద కాలు పెట్టి నిలబడింది, నేను తాడు గుంజాను, అమ్మమ్మ పక్కన కూర్చుని ఇద్దరి పనిలోనూ తప్పులు పట్టింది. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. బాపు ఫోన్లోంచి చూసి, "ఇగ ఎవనికీ ఊడదు" అన్నాడు. ఆ సాయంత్రం నలుగురం ఒకే ఇంట్లో ఉన్నట్టుంది. నాకు అంత హాయిగా చాన్నాళ్లుగా అనిపించలేదు.

వీసా మాత్రం రాలేదు. రోజూ చిచ్చాకు ఫోను చేశాను. "వస్తది బేటా, ఫికర్ చెయ్యకు" అనేవాడు. ఆ గొంతులో ఫికరు నాకు వినబడుతూనే ఉండేది. బయలుదేరే ముందు రోజు కూడా రాలేదు. బాపు అప్పటికే ఎవరితోనో డ్యూటీ మార్చుకున్నాడు. కటింగు చేయించుకున్నాడు. ఫోన్లో పక్కకు తిరిగి, వెనక ఎట్లా ఉందో చూడమన్నాడు. బాగుందన్నాను. రాకపోతే ఏమిటన్న మాట మా ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు.

తెల్లవారుజామున జీపు వచ్చింది. అవ్వ, అమ్మమ్మ, ఎవరూ పిలవకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చున్న ఎదురింటి పెద్దమ్మ, వెనక సూట్‌కేసుతో కార్టనుతో నేను. "పోతున్న" అనబోయి నాలుక కరుచుకుని "పోయొస్త" అని ఇంటికి చెప్పాను. కరీంనగర్ దాటినా ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. పెద్దమ్మ ఒకసారి వెనక్కి తిరిగి, "కార్టను కదులుతలేదు గద" అని అడిగింది.

సిద్దిపేట దగ్గర చాయ్‌కి ఆగాం. అప్పుడే వెలుగు వస్తోంది. గ్లాసు చేతిలో పట్టుకున్నానో లేదో ఫోను మోగింది. చిచ్చా.

"నమాజు చేసుకోని ఫోన్ సూసిన బేటా. వచ్చింది. వాట్సాప్ చేసిన, సూడు."

చూశాను. నా ఫొటో, నా పేరు, కింద ముద్ర. చదివిందే మళ్లీ చదివాను. అవ్వకు చూపిస్తే ఆమె ఫోను తీసుకోకుండా చాయ్ బండి పక్కన గట్టు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అమ్మమ్మ, "ఏమొచ్చిందే?" అని అడిగింది. "బాపును కలవడానికి కాయితం అమ్మమ్మా" అన్నాను. "అల్లుణ్ణి కలవనీకె గూడ కాయితమా" అని ఆమె ఆశ్చర్యపోయింది. బాపుకు ఫోను చేస్తే ఎత్తగానే, "వచ్చిందా?" అన్నాడు. వచ్చిందన్నాను. ఆయన పక్క మంచంలో ఎవరినో లేపి చెప్పాడు. తర్వాత, "చాయ్ తాగినవా?" అని అడిగాడు.

శంషాబాద్‌లో అవ్వ నా జుట్టు సవరించింది, చేతిసంచి జేబులు తడిమింది, అన్నం తినమంది. చివరికి చెవిలో, "ఎనుకకు సూడకు" అంది. నేను బండి తోసుకుంటూ లోపలికి పోయాను. మెడ తిరగాలని లాగుతూనే ఉంది. తిరగలేదు. అద్దాల తలుపు దాటాక తెలిసింది, బాపు ఇన్నేళ్లు ఏం చేశాడో. కోపం కాదది.

కౌంటరు దగ్గర అమ్మాయి సూట్‌కేసు తూచింది, కార్టను తూచింది, చీటీలు అంటించబోతూ, "రెండూ నేరుగా జర్మనీలో తీసుకోవచ్చు మేడమ్" అంది.

"కార్టను దుబాయిలో కావాలి."

"దుబాయిలో రాదు. టికెట్టు జర్మనీ దాకా ఉంది కదా. సామాను ఆఖరికే పోతుంది."

మా జిల్లాలో అందరూ దుబాయిలో దిగిపోయేవాళ్లే. దుబాయి దాటి పోయే సామాను సంగతి ఎవరికీ తెలియదు. బాపుకు తెలియదు, అవ్వకు తెలియదు, ఆ ఉత్సాహంలో చిచ్చాకు కూడా తట్టలేదు. ఇంజినీరింగ్ చదువుతున్న నాకూ తట్టలేదు. మూడు ఊళ్ల సకినాలు, సర్వపిండి, తొక్కులు, కొత్త పెళ్లికూతురి నీలం అంగీ, అన్నీ కలిసి జర్మనీ పోబోతున్నాయి.

అమ్మాయిని బతిమాలి కార్టను వెనక్కి తీసుకున్నాను. వరుస పక్కన నేల మీద కూర్చున్నాను. చేతిసంచిలో పట్టినంత మార్చుకుందామని ముడి విప్పబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, అది బాపు కట్టించిన ముడి. గోళ్లు విరిగాయి కానీ ముడి కదల్లేదు. పళ్లతో లాగాను. పక్క వరుసలో తన కార్టనుతో నిలబడ్డ ఒక పెద్దాయన కాసేపు చూసి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "ఎవలు కట్టిండ్రు బిడ్డా?" అన్నాడు.

"మా బాపు. ఫోన్లో."

"గందుకే" అన్నాడు. ఆయన నిర్మల్ మనిషి, సెలవు అయిపోయి మళ్లీ దుబాయి పోతున్నాడు. ఇద్దరం చెరో వైపు కూర్చుని ముడులతో కుస్తీ పట్టాం. ఊడినప్పుడు ఆయన నాకంటే ఎక్కువ సంతోషించాడు.

చేతిసంచిలోంచి పుస్తకాలు, చెప్పులు తీసి కార్టనులో పడేశాను. సకినాలు, సర్వపిండి, అంగీ, బాపుకు కూడా కొన్ని ఇద్దామని కార్టనులో పెట్టిన లడ్డూల డబ్బా సంచిలో కుక్కాను. కోటుకు చోటు లేక తొడుక్కున్నాను. తొక్కులు నూనెవి, చేతిసంచిలో రానివ్వరు. వాటి మీద నా పుస్తకాలు పరిచి మళ్లీ తాడు కట్టి జర్మనీకి పంపేశాను. బయటికి ఫోను చేసి చెబితే అవ్వ నోట మాట రాకముందే పెద్దమ్మ ఫోను లాక్కుంది. "అయితే మా పిలగానికి తొక్కు లేదా ఇగ?"

"లేదు పెద్దమ్మా. జర్మనీ పోతుంది."

ఆమె కాసేపు ఆలోచించి, "సరే, నువ్వన్న తిను. పారెయ్యకు" అంది. ఆ తర్వాత వెనక అవ్వ నవ్వు వినబడింది. పారేయలేదు. ల్యాబులో నాతో పని చేసిన ముగ్గురు జర్మనీ పిల్లలు సెలవులు అయ్యేలోపు కోరుట్ల తొక్కుకూ మెట్‌పల్లి తొక్కుకూ తేడా చెప్పగలిగేవాళ్లు.

దుబాయిలో ట్రాన్సిట్ కాయితం చూపించి బయటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. ఇనుప కమ్మీల అవతల జనం. బాపు ముందు వరుసలోనే ఉన్నాడు. కొత్త కటింగు, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ. నాకు కనిపించాడు కానీ నేను ఆయనకు కనిపించలేదు. ఆయన నా మొహం మీదుగా చూపు దాటించి నా వెనక వస్తున్న బండ్లను చూస్తున్నాడు. తాడు కట్టిన కార్టను కోసం వెతుకుతున్నాడు. మా వైపు నుంచి కార్టను లేకుండా దిగిన మనిషిని ఆయన ఎన్నడూ చూసి ఉండడు.

"బాపు" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. నల్లకోటును చూశాడు. "కార్టన్ ఏది?" అన్నాడు.

"జర్మనీ పోయింది."

"గీ ఎండల గిదేందే?" అని కోటు చేయి పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు. ఇద్దరం నవ్వాం. తర్వాత నవ్వుతున్నామో ఏడుస్తున్నామో నాకు తెలియలేదు. బాపు నా భుజం మీద తల ఆనించడానికి వంగాల్సి వచ్చింది. అంత పొడుగు ఉన్నాడు. నాకు అదొక్కటీ చాలా సంతోషమనిపించింది.

టాక్సీలో మనవాళ్ల మెస్సు ఒకటి ఉన్న వీధికి తీసుకుపోయాడు. గదివాళ్లు కొందరు అక్కడే కాచుకుని ఉన్నారు. సంచి తెరిస్తే సకినాలు సగం నూకలైపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు, నూకలే గుప్పిళ్లతో తిన్నారు. పెద్దమ్మ కొడుకు, "తొక్కు?" అని అడిగాడు. సంగతి చెబితే కాసేపు అందరూ మౌనం పాటించారు. కొత్తగా పెళ్లయిన అబ్బాయి నీలం అంగీ అక్కడికక్కడే తొడుక్కున్నాడు. చేతులు కొంచెం పొడుగయ్యాయి. "సరిపోయిందని చెప్పు అక్కా" అన్నాడు. ఫొటో తీసి ఆమెకు పంపాను. బాపు నాకు ఒక్కో ముద్దకూ ఇంకొంచెం కూర వేస్తూనే ఉన్నాడు. మెస్సు నుంచి బయటికి వచ్చాక ఎదురుగా ఉన్న పెద్ద భవనం చూపించి, "దీని సెంట్రింగ్‌ల నేనున్న. ఎక్కడన్న పగిలిందా సూడు" అన్నాడు. తర్వాత జర్మనీ ల్యాబులో ఎంత శ్రద్ధగా చూశానో అంత శ్రద్ధగా చూశాను. ఎక్కడా పగల్లేదని చెప్పాను. ఆయన తల ఊపాడు.

చీకటి పడ్డాక ఎయిర్‌పోర్టుకు తిరిగి వచ్చాం. ఈసారి లోపలికి పోయేది నేను, బయట నిలబడేది బాపు. లడ్డూలు కొన్ని ఆయనకు కట్టి ఇచ్చాను. కోటు గుండీలు ఆయనే పెట్టాడు, అంత ఉక్కలో కూడా. నేను, "పోయొస్త బాపు" అన్నాను. సంచి ఎత్తుకుని నాలుగడుగులు వేశాను.

"బిడ్డా."

ఆగాను. తిరగలేదు. అవ్వ మాట గుర్తుంది.

"నేను పోయినప్పుడల్ల ఎనుకకు సూడలే. మీ అవ్వ వద్దన్నది, సూడలే. మీరు ఎట్ల నిలవడ్డరో, ఏం చేసిండ్రో నాకు ఇప్పటి దాక తెల్వది." ఆయన ఒకడుగు దగ్గరికి వేసిన చప్పుడయింది. "నువ్వు సూడు. లోపటికి పోయినంక గూడ సూడు. మీ అవ్వకు నేను చెప్పుకుంట."

నేను లోపలికి పోయి తిరిగాను. బాపు అందరి తలల మీదుగా కనబడేలా మునివేళ్ల మీద నిలబడి చేయి ఊపుతున్నాడు. ఇంకో చేత్తో లడ్డూల పొట్లం గుండెకు పట్టుకున్నాడు. వరుసలో వెనకవాళ్లు నన్ను దాటుకుని పోతున్నారు. ఆయన చేయి దించేదాకా చూద్దామనుకుని నిలబడ్డాను. ఆయన దించలేదు.